చెవిరాయి

మహేంద్రగిరి మోకాళ్ళ దాకా మునిగితే పన్నెండు బారలు,
నడుం దాకా మునిగితే ముప్ఫై.
మెడ దాకా మునిగి, కొండ నెత్తి ఒక్కటే
నీళ్ళ మీద బోర్లించిన బుట్టలా మిగిలినప్పుడు
గాలం వదలమనేవాడు మా అయ్య.
అరవై బారలు. కింద పార.
పార మీద ఎర్రచేప.

ఆర్జిపల్లిలో ఇప్పుడా లెక్క ఎవరికీ అక్కర్లేదు.
మా తమ్ముడు ఎల్లాజి దగ్గర పిడికెడు పెట్టె ఉంది,
అంకెలు చూపిస్తుంది.
వాడు కొండవైపు తిరిగైనా చూడడు.

దిగేకొద్దీ వెలుగులో ముందుగా చచ్చేది ఎరుపేనట.
అంటే తన ఇంట్లో ఎర్రచేప ఎర్రగా ఉండదు,
వట్టి నీడ. కన్ను మాత్రం పెద్దది.
పొద్దుగూకాక పార అంచు వెంట పైకి లేచి
రొయ్యపిల్లల్నీ, నీళ్ళలో తేలే నలుసుల్నీ ఏరుకు తిని
తెల్లారేలోగా దిగిపోతుంది.
దాని ఎరుపు మొదట చూసేది మనమే,
అదీ పడవలో పడ్డాక.

నింపాదిగా లాగమనేవాడు అయ్య.
నింపాదిగా లాగినా అంతే.
పైకొచ్చేకొద్దీ లోపలి గాలితిత్తి ఉబ్బి
కడుపు నోట్లోంచి బయటికొస్తుంది.
చిన్నప్పుడు అది నన్ను వెక్కిరిస్తోందనుకుని
నేనూ నాలుక చాపేదాన్ని.

మంగళవారం మంగళవారం బరంపురం నుంచి లిప్సా వస్తుంది.
యూనివర్సిటీ పిల్ల. సగం ఒడియా, సగం మా మాట.
తల కోస్తే ఏజెంటు ధర తెగ్గోస్తాడని తెలుసు దానికి.
చెంప ఎత్తి, లోపల పట్టకారు పెట్టి,
చేప ముఖం చెడకుండా రాయి తీస్తుంది.
గోరంత తెల్లరాయి. జత.
ఎన్ని వందల తలలు వండానో, ఎన్నిసార్లు పంటికింద పడిందో,
తూ అని ఊశాను.

ఒకటి కోసి, అరగదీసి, అద్దం కింద పెడితే
మొద్దు నరికినట్టు గీతలట, ఏడాదికొకటి.
"ముప్ఫై ఒకటి, పెద్దమ్మా" అంది వచ్చే వారం వచ్చి.
నేను బుట్ట దించి కూర్చున్నాను.
నాలుగైదేళ్ళు వస్తేగాని గుడ్డే పెట్టదట.
కిందటి వారం ఎల్లాజి పదకొండు తెచ్చాడు,
మంచుపెట్టె మూత పడలేదని సంబరపడ్డాం.

ఫైలిన్ యేడు గీత ఏదని అడిగాను.
అలా చెప్పలేం, అన్నీ గీతలే అంది.
మా రేకులు ఎగిరిపోయి
పిల్లల్ని మంచంకోళ్ళకి కట్టి పట్టుకున్న రాత్రి
ఇది అక్కడే ఉండుంటుంది,
రెప్పల్లేని కళ్ళతో, చీకట్లో, పార పక్కన.
దానికేమైనా వినిపించిందో లేదో.

నా వయసు మటుకు నాకు తెలీదు.
కార్డు రాసే బాబు "బయసొ కెతె?" అన్నాడు.
సొరచేప అయ్య కాలు పట్టిన యేడు పుట్టానని చెప్పాను.
జనవరి ఒకటి అని రాసుకున్నాడు.
మా వీధిలో సగంమందిమి జనవరి ఒకటినే పుట్టాం.

"నా చెవిలో రాయి లేదేటే?" అన్నాను.
నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.
ఉందట. రాయి కాదు, ముగ్గుపిండిలాంటి పొడి.
పడవ ఊగినప్పుడు ఏది పైనో ఏది కిందో చెప్పేది అదేనట.
గీతలు మాత్రం ఉండవట.
నిలబెడుతుంది, లెక్కపెట్టదు.

కోయని రెండో రాయి నాకిచ్చి వెళ్ళింది.
కొంగున ముడేశాను. నడుస్తుంటే మోకాలికి తగుల్తోంది.
ఎల్లాజి పడవ దింపుతున్నాడు, మంచు ఎంత వేయమంటావని అరుస్తున్నాడు.
నేను కొండకోసం చూస్తున్నాను.
ఈవేళ మబ్బు పట్టి
ఎంతదాకా మునిగిందో తెలియడం లేదు.