తొమ్మిదొందలు

జూన్ పదమూడు. అరండల్‌పేటలో కరెంటు పోయింది.
ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాను, ఒక్క కంప్యూటరు.
ఎల్లుండిలోగా అందరికీ ఫారం పదహారు ఇవ్వాలి.
జీఎం గారికి మాత్రం ఇంకో కాయితం ఎక్కువ:
జీతం కాని జీతమంతా
అక్కడ లెక్కకొస్తుంది.

లక్ష్మీపురంలో కంపెనీ ఫ్లాటు. అద్దె ఎంతైతేనేం,
జీతంలో ఇంత శాతమంది చట్టం, వేశాను.
సోఫాలు, ఏసీలు, గోడంత టీవీ,
కొన్న ధరలో ఏటా పదో వంతు.
తోటమాలి. గ్యాసు బండ.
దీపావళికిచ్చిన గిఫ్టు కార్డు:
ఐదు వేల దాకా అది అభిమానం,
ఆ పైన ఆదాయం.
ఆఫీసులో తాగే టీకి మాత్రం పన్ను లేదు.
చట్టం రాసినవాళ్లు
టీ తాగుతూనే రాసుంటారు.

తర్వాత కారు.
ఇంజను పెద్దదే, నెలకు రెండు వేల నాలుగొందలు.
దానికి డ్రైవరు కూడా ఉంటే
కలపాల్సింది ఇంకో తొమ్మిదొందలు.

అప్పుడే వచ్చాడు శౌరయ్య,
వేలికి కారు తాళాలు, భుజాన తడి తువ్వాలు.
"అమ్మాయ్, అయ్యగారి కాయితాలు అయినయ్యా?"
నా వెనక నిలబడి తెరలోకి వంగాడు.
చదువు ఐదుతో ఆగింది గానీ
మిర్చి యార్డులో కాటాల పక్కన పెరిగినవాడు,
అంకె కనబడితే వదలడు.
"ఆ తొమ్మిదొందలేంది?"
"నువ్వే, బాబాయ్."

నోరు జారాక దిద్దుకోడానికి
రివైజ్డ్ రిటర్ను లేదు.

"నాకు పద్దెనిమిది వేలిస్తన్నారుగా?"
అది కంపెనీకి ఖర్చు, ఇది ఆయనకి సుఖం,
రెండూ వేరే గడులు
అని చెప్పబోయి మానేశాను.
ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.
తెల్లారుజామున గన్నవరం విమానం,
నల్లపాడు గోడౌను, ఎండలో చిలకలూరిపేట,
మేడంగారి బట్టల షాపు, పాప డాన్సు క్లాసు,
రాత్రి క్లబ్బు బయట సీటు వెనక్కి వాల్చి
దోమలతో కునుకు.

"సరే, తొమ్మిదొందలకి అయ్యగారి లెక్కలో ఉన్నా.
తక్కిన నేను
ఎవరి లెక్కలో ఉన్నట్టు?"

కరెంటొచ్చింది.
ప్రింటరు ఉలిక్కిపడి లేచి మొదటి పేజీ కక్కింది.
వేడివేడిగా అందుకున్నాడు శౌరయ్య,
చెమట అంటకుండా అంచు పట్టుకుని.
జేబులో ఫోను మోగింది.
"ఆఁ సార్, తెస్తన్నా సార్."
గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.
"కారుదేమో రెండు వేల నాలుగొందలా?
పర్లేదులే, నాది చిన్న ఇంజనేగా!"

నేను నవ్వానో లేదో గుర్తులేదు.
రెండో పేజీ
ఇంకా వస్తూనే ఉంది.