అంచు లెక్క

టేపు కాలం పోయినట్టేనా అని
కొర్రపాడు రోడ్డులో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు
షాపు అద్దంలో ఆ ముసలి కెమెరాను చూసి.
పోయి ఎన్నాళ్లో అయింది, అంటా.
ఇప్పుడంతా గోరంత కార్డు.
పెండ్లంతా అందులోనే పడుకుంటుంది,
టీ చల్లారేలోపు కంప్యూటర్లోకి దిగుతుంది.

నబీరసూలన్న దగ్గర నేను లైటు పట్టేవాణ్ణి.
అప్పుడు గంటన్నర టేపు దించాలంటే
గంటన్నరా కూర్చోవాల్సిందే.
తలంబ్రాలు పడినంతసేపూ పడాల,
సాంబారు బకెట్టు బంతి చివరిదాకా నడవాల.
ప్రొద్దుటూరులో సగం పెండ్లిళ్లకు
ఆయన రెండుసార్లు పోయినాడు.
ఏ మేనత్త ఎవరితో పలకదో
ఆ ఇంటోళ్లకంటే ముందే ఆయనకు తెలిసేది.
నేను కార్డులోంచి దించేవి
నేనే చూడను.

మొన్న మధ్యాహ్నం
తొగట వీధి నుంచి చౌడమ్మక్క వచ్చింది,
కొంగు ముడిలో టేపు.
ఆమె మరిది పెండ్లిది. లేబులు మీద రసూలన్న రాత.
"పెండ్లి వద్దులే నాయనా.
పెండ్లికూతురు ఇంట్లోకొచ్చేటప్పుడు
ఎనక మగ్గం ఉండాది సూడు, అది సూపీ."

మగ్గం అమ్మి పదకొండేండ్లు.
గుంత పూడ్చి, దాని మీద ఫ్రిజ్ పెట్టినారు.
ఆ పొద్దు మగ్గం మీదున్న చీర అంచు
వాళ్ల మామ సొంత లెక్క.
కాగితం మీద పెట్టలేదు, కొడుకులకు చెప్పలేదు,
అడిగితే కదా చెప్పేది.

స్పిరిటులో దూది ముంచి హెడ్డు తుడిచినా.
పసుపు వైరు డొక్కు టీవీకి తగిలిచ్చినా,
కొత్త కంప్యూటరుకు ఆ వైరు పట్టే బొక్కే లేదు.
గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది.
నీలం,
తర్వాత వాన,
తర్వాత కుడికాలు ముందు పెడుతున్న పిల్ల.
అంతలో నా చేతిలో లైటు జారి మగ్గం మీద పడింది,
ఫోకస్ దాని వెంటే పోయింది.
నాలుగు సెకన్లు.
ఆ నాలుగు సెకన్లకు రసూలన్న
నన్ను రాత్రంతా తిట్టినాడు.

పాజ్ నొక్కినా. బొమ్మ చలిజ్వరమొచ్చినట్టు వణికింది.
శానాసేపు ఆపితే టేపు అక్కడే అరుగుతాదక్కా,
ఐదు నిమిషాలకు కెమెరా తనే వదిలేస్తాది.
ఆమె వినలేదు. వేలు తెరమీద పెట్టింది.
"రెండు పసుపు… ఆరు నల్లవి… ఇది తెగిన పోగు కాదు గదా?"
కాదక్కా, టేపు మీద గీత.
"అదీ అట్ల చెప్పు. మా మామ
తెగిన పోగు మీద నీళ్లు గూడా తాగడు."

కెమెరా వదిలేసింది. పిల్ల లోపలికొచ్చింది.
వెనక్కి తిప్పినా. పిల్ల గడప అవతలికి పోయింది.
మూడోసారికి అంచు మీద తెల్లచుక్కలు.
ఫోనుతో ఫోటో తీస్తే
అడ్డంగా నల్లపట్టీలు, అంచు లేదు.
"రేపు వైరు తెప్పిచ్చి పెన్ డ్రైవులో ఎక్కిస్తా,
నూరేండ్లుంటాది" అన్నా,
టేపు గురించి రసూలన్న అందరికీ చెప్పిన మాటే.

ఆమె నన్ను చూసి, నా షాపు చూసి,
రొండిలోంచి దారపుండ తీసింది.
రెండు ముడులు. కొంచెం ఎడం. ఆరు ముడులు.
మళ్లీ ఎడం, ఒక పెద్ద ముడి.
ఇదేందక్కా?
"మా అవ్వ లెక్క. మాట్లాడద్దు, తప్పిపోతాది."

ఆరోసారి టేపు నలిగి హెడ్డుకు చుట్టుకుంది.
కత్తెర పెట్టక తప్పలేదు.
ఎట్ల చెప్పాల్రా అని తలెత్తితే
ఆమె వాకిట్లో చెప్పులేసుకుంటాంది,
ముడుల మీద బొటనవేలు, కదిలే పెదవులు,
ఆటోవాడి హారను గూడా చెవిన పడక.
బల్ల మీద యాభై రూపాయలు.

నా ఒడి నిండా గోధుమరంగు పోగు.
ఇందులో మగ్గమెక్కడో,
సాంబారు బకెట్టెక్కడో.
నాలుగు సెకన్లంటే
బెత్తెడుంటాదేమో అంతే.