ఇప్పలవలస ట్యాంకు

ట్యాంకు స్తంభం మీద నా పేరు లేదు.
సర్పంచి పేరుంది, ఎమ్మెల్యే పేరుంది,
సున్నం పొరల కింద సగం మాసిన 1989 ఉంది.
లెక్క మాత్రం నాది.

టెక్కలి సబ్ డివిజన్ ఆఫీసు, కిర్రుమనే ఫ్యాను,
అన్నయ్య దగ్గర అప్పు తెచ్చుకున్న క్యాసియో కాలిక్యులేటరు.
అరవయ్యొకటిలో రెండు వేల నూట నలభై,
డెబ్భయ్యొకటిలో రెండు వేల ఆరు వందల ముప్ఫై,
ఎనభయ్యొకటిలో మూడు వేల రెండు వందల నలభై.
పదేళ్లకి నూటికి ఇరవై మూడు.
గుణించాను, మళ్లీ గుణించాను, నాలుగుసార్లు.
2021 నాటికి ఇప్పలవలస జనం: 7,416.
ఆ చివరి ఆరు మీద ఎంత నమ్మకమో నాకు!
ఆ ఆరుగురి ముఖాలూ ఎరిగినదాన్లా
ఎర్ర సిరాతో కింద రెండు గీతలు కొట్టాను.
లక్షా యాభై వేల లీటర్లు ఆకాశంలో నిలబెట్టాను.

మొన్న వెళ్తే సచివాలయం అమ్మాయి చెప్పింది:
రెండు వేల తొమ్మిది వందల ఎనభై ఎనిమిది.
"అందులో సగం మంది ఆధార్‌లోనే ఉంటారు మేడమ్."

మా పై ఇంజినీరు బల్ల మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటుండేది.
యాభై ఎనిమిదిలో ఐక్యరాజ్యసమితి వాళ్లు వేసిన అంచనా:
రెండువేల సంవత్సరానికి భూమ్మీద ఆరు వందల ఇరవై ఎనిమిది కోట్లు.
ఆ ఏడాది రానే వచ్చింది.
ఉన్నది ఆరు వందల పది కోట్ల పైచిలుకు.
నలభై రెండేళ్ల దూరం నుంచి రాయి విసిరి
భూగోళాన్ని దాదాపు కొట్టేశారు వాళ్లు.
నేను సైకిల్ మీద గంటలో చుట్టి వచ్చే ఊరిని
సగానికి సగం తప్పాను.

చాలా ఏళ్లకి గాని తెలియలేదు, వాళ్లూ తప్పారని.
ఒక ఖండంలో ఎక్కువ రాశారు, ఇంకో ఖండంలో తక్కువ.
తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని
మొత్తం నిలబడింది,
మా అమ్మ గోడ మీద పాల లెక్కలాగ.
పైగా ప్రపంచానికో సుఖం ఉంది:
దాని పొలిమేరలో బస్సు ఆగదు.

ఇప్పలవలసలో ఆగుతుంది. పొద్దున్న ఆరున్నరకి.
పలాసలో దిగితే చెన్నై రైలు.
రాడ్‌బెండింగు, సెంట్రింగు, వెల్డింగు,
ఇంకొకళ్ల ఊళ్లలో ఇంకొకళ్ల ట్యాంకులు.
అసలు పేర్లోనే ఉంది కదా వలస!
ఎక్కడి నుంచో నడిచొచ్చి ఇప్పచెట్ల కింద దిగినవాళ్లు
దాచకుండా చెప్పుకున్న పేరు.
కాళ్లున్న ఊరికి నేను వేళ్లు గీశాను.

రోడ్డుకి అటువైపే సబ్‌సెంటరు.
నర్సు సుగుణావతి రిజిస్టరులో అప్పటికే
మూడో కాన్పు గడి ఖాళీగా ఉండేదట.
దాటి వెళ్లి చూడలేదు నేను.
ఎండగా ఉందనుకుంటాను.

పంపు నడిపే లెంక అసిరయ్య తాళాలగుత్తి తిప్పుతూ అన్నాడు:
"సగానికి పైన ఎక్కించనేదు తల్లీ ఏనాడూ.
ఎక్కిస్తే ఎవులు తాగుతారు?"
కాసేపు ఆగాడు.
"ఒక్కపాలే నిండా నింపినాను. తిత్లీ ముందు సాయంత్రం.
రేడియోలో సెప్తన్నారని."

తెల్లారేసరికి కొబ్బరిచెట్లు లేవు, జీడితోటలు లేవు, కరెంటు లేదు.
పదకొండు రోజులు.
అవతల మూడూళ్లు ఆ ట్యాంకు కిందకే వచ్చాయి,
బిందెలతో, డ్రమ్ములతో,
పెయింటు డబ్బాలతో.
తప్పు లెక్కలో మిగిలిన చోటు
ఆ రాత్రికి నీళ్లయింది.

"ఎంతమంది వచ్చుంటారు?" ఆత్రంగా అడిగాను,
ఎర్ర గీతలు మనసులో మెదులుతుంటే.
"లెక్కెట్టనేదమ్మా.
దప్పికైనోల్ని లెక్కెడతారేటి?"

ఇప్పుడు కొత్త ఏఈ వచ్చాడు, హేమసుందర్.
ఈ ట్యాంకు పడగొట్టి ఇంకోటి కట్టాలట.
అతని ట్యాబ్‌లో ఒక గడి మెరుస్తోంది:
2055 జనాభా.
"ఏం వెయ్యమంటారు మేడమ్?"

పాత ఫైలు చేతిలో పెట్టాను.
ఏదో ఒకటి వెయ్యి నాయనా, అంకె లేకపోతే నిధులు రావు.
వేసేముందు ఒకసారి బస్టాపులో కూచో.
వేసేదేదో పెన్సిలుతో వెయ్యి, అన్నాను.

అతను తెర మీద వేలు ఆనించి నావైపు చూశాడు.
"ఇందులో పెన్సిలుండదు మేడమ్."