గడియారం జరిగిన గోడ

సభలో రెండు పొయ్యిలు.
రెండూ నావే. అంటే, బూడిద నాది.
వెచ్చదనం ప్రజాప్రతినిధులది.

డిసెంబరు మొదటి సోమవారం,
పోటోమాక్ అంచున నీళ్లు గడ్డకడుతున్న పూట
రెండేళ్ల పని మీద దిగారు వాళ్లు:
పొడుగు టోపీలు, తోలు పెట్టెలు,
బుగ్గన పుగాకు,
ప్రసంగానికి ముందు ఒక దగ్గు.
కళ్లు మూసుకుని చెప్పగలను
ఏ దగ్గు ఏ రాష్ట్రానిదో.
నా పేరు వాళ్లలో ఒక్కరికీ తెలీదు.
(ఏమస్ ప్లమర్. అడిగితే చెబుతాను.)

ఉత్తరం గోడకి దేశపటం.
మొదట్లో అది తలుపంత ఉండేది.
దక్షిణాన ఎక్కడో ఫిరంగులు పేలాయట,
ఇక్కడికి ఆ మోత కాగితంగా వచ్చింది,
చేతులు లేచాయి, కాగితం చట్టమైంది,
పటానికి కొత్త గుడ్డ అతికారు.
వేసవిలో ఇంకో గుడ్డ.
ఎడారి, సగం నది,
వీళ్ల నోరు తిరగని ఊళ్లు.
ఆ ఊళ్లలో తెల్లారుజామున రొట్టెలు కాల్చే ఎవరో
పిండి చేతులతో బయటికొచ్చి చూస్తే
జెండా మారిపోయి ఉంటుంది.
ఖాళీ సభలో ఒక్కొక్క పేరూ
పైకి పలికి చూశాను.
(నాకు చదువొచ్చు. అది అడిగినా చెప్పను.)

సముద్రం రాకముందే గోడ అయిపోయింది.

వడ్రంగి కార్మాక్ డేలీ వచ్చి
కొలబద్ద పెట్టి, చెవి వెనక పెన్సిలు గోక్కుని
"దేశమైనా తగ్గించండి, గడియారమైనా తియ్యండి" అన్నాడు.
పెద్దమనుషులు పడీపడీ నవ్వారు.
గడియారం తీశారు.
తలుపు పైన, చెయ్యందని ఎత్తున కొట్టారు.
పాత చోట తెల్లటి గుండ్రం మిగిలింది గోడకి.
ఇప్పుడక్కడ పసిఫిక్.

ఆ కొత్త నేల మీద
మనుషుల్ని అమ్మొచ్చా, కూడదా?
జులై అంతా అదే చర్చ.
ఉక్కగా ఉంది, కిటికీ తెరవమన్నారు.
తెరిచాను.
వీధి చివరి పసుపు రంగు ఇంటి పెరట్లోంచి
గొలుసుల చప్పుడు లోపలికొచ్చి
ఖాళీ కుర్చీ వెతుక్కుంటున్నట్టు తిరిగింది.
కిటికీ మూసెయ్యమన్నారు.

అర్జీలు వచ్చేవి, బస్తాల్లో.
"బల్ల మీద ఉంచడమైనది" అనేవాడు గుమాస్తా.
బల్ల మీదివి బుట్టలోకి, బుట్టలోవి నా దగ్గరికి.
వెర్మాంట్ ఆడవాళ్ల సంతకాలు
పలచటి సిరా, ఇట్టే అంటుకుంటాయి.
ఒక్క చుట్ట మాత్రం పొయ్యి మెక్కలేదు.
కెజయా పిండిడబ్బా అడుగున ఉంది.
నాలుగొందల పన్నెండు పేర్లు.
ఆవిడ వేలు పెట్టి అక్షరాలు దిద్దుకుంటోంది వాటి మీద.

మార్చి మూడు, అర్ధరాత్రికి వాళ్ల కాలం చెల్లు.
బిల్లులింకా మిగిలే ఉన్నాయి. కొవ్వొత్తులు కరుగుతున్నాయి.
ఒకాయన బల్ల మీదే గురక.
ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు.
పన్నెండుకి ఐదు నిమిషాలుండగా
తలుపుల అధికారి నా చేతికి పొడుగు కర్ర ఇచ్చాడు:
"ముల్లు వెనక్కి తొయ్యి. అరగంట."

నేల చాలకపోతే నేల తెచ్చుకున్నారు,
రాత్రి చాలకపోతే రాత్రి.

ఈ నగరంలో నా రంగువాడు
పది దాటాక వీధిలో కనబడకూడదు.
కనబడితే జరిమానా, లేకపోతే జైలు.
కర్ర కొస ముల్లుకి తగిలింది.
పదకొండున్నర.
ఇంకొంచెం తోస్తే పది.
నా చెయ్యి అక్కడే ఆగి వణికింది,
బరువుకి అనుకున్నాడాయన.
"చాల్చాలు" అన్నాడు.

మూడుసార్లు తోశాను ఆ రాత్రి.
పొయ్యిలు ఆర్పి బయటపడేసరికి
అసలు టైమెంతో కోడికే తెలియాలి.
మూడో వీధి మలుపులో లాంతరు ఆగింది.
చొక్కా లోపలి జేబులోంచి కాగితం తీశాను,
నేను నావాణ్ణేనని ఇంకొకడు రాసిచ్చిన కాగితం.

కానిస్టేబులు దాన్ని వెలుగులో
తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చదివాడు.

నేను సరిచెయ్యలేదు.