ఎనిమిదో రేకు

మే నెల పద్దెనిమిది. చండూరుల సందె ఏళ.
నలభై ఆరు డిగ్రీల ఎండ ఇంకా గోడలల్లనే ఉన్నది,
గుర్రంపోడు దిక్కుకెల్లి గాలిదుమారం లేసింది.
ఇంటి మీది రేకులు ఎనిమిది
తాంబాలాల లెక్క మోగి, లేసివోయినయి.

ఏడు దొరికినయి.
ఒకటి కరెంటు తీగల మీద,
రెండు సొసైటీ గోదాం ఎనుక,
నాలుగు మోరీల.
ఎనిమిదోది ఏడున్నదో వాడకట్టుకంత ఎరుకే:
రాపోలు వీరేశం వాకిట్ల
మేకకు నీడ వడుతున్నది.

అడుగుమన్నది అండాలు.
నేనడుగ.
వార్డు ఎలక్షన్ల కాడ
ఆయన ఆ కండువ, నేను ఈ కండువ.
అప్పటి సంది మా నడుమ మాట్లాడేది గోడ ఒక్కటే,
అదీ తడిసినప్పుడు, పెళ్ల పెళ్లగ.

నేతగాన్ని, చెప్తున్న ఇనుండ్రి.
రెండు కండువలూ ఒక్క మరమగ్గం మీదివే.
పాలిస్టరు. చెమట వీల్వదు.
అంచు వేలితోటి ముడితె చాలు, పోగు పోగు నాకు తెలుస్తది.
తెలిసీ కప్పుకున్న.
అది వేరే ముచ్చట.

హోటల్ల ఆయనంటడు,
మా సర్కారు దిగినంకనే ఎండలు ముదిరినయని.
నేనంట,
అలుగు కాల్వల ప్లాట్లు కొట్టింది మీరున్నప్పుడే గదా అని.
చాయ్ చల్లారుతది.
వడదెబ్బకు పోయిన బుచ్చమ్మను గుడ
ఎవలి ఖాతాల రాయాల్నో ఇప్పటికి తెగలే.

నష్టం రాసెతందుకు సారొచ్చిండు,
ఫోన్ల ఫోటో దీసిండు.
"ఏడు కనవడుతున్నయి, ఎనిమిదోదేది?"
నేను వేలు లేపలే.
వీరేశం అరుగు మీద బీడి కాల్చుకుంట
మొఖం అటు దిప్పిండు.
పైసలు ఈ దినానికి రాలే.
ఆ సందు మీద టార్పాలిన్ గట్టిన,
ఎండకు అది అప్పడమై పగిలింది.

భాద్రపదం.
నెల వాన ఒక్క రాత్రిల.
మగ్గం గుంట నిండింది.
తొక్కుడు చెక్కల కాడ కప్పలు.
సగం నేసిన చీర రంగు దిగి
గుంటంత ఎర్రగయింది, అండెడు కూలి
ఆ నీళ్లల్ల కరిగి.
అండాలు చెంబుతోటి తోడుతనే ఉన్నది.
తోడినకొద్ది ఊరుతనే ఉన్నది.

దర్వాజల నిలవడి చూసిన.
వీరేశం పెరటి మట్టిగోడ
సూలు మేక తీరు ఉబ్బి మా దిక్కే ఒరిగింది.
దాని నెత్తి మీద మా రేకు.
మేక కాడికెల్లి దీసి ఎప్పుడు కప్పిండో!
గాలికి ఒక కొస లేస్తున్నది.
అది లేస్తె గోడ నానుతది,
నానితె వడుతది,
వడేది మా పిల్ల పండే అర్ర మీదనే.

రోట్లె పొత్రం ఎత్తుకొని బయటికురికిన.
లేస్తున్న కొస మీద పెట్టిన.
అవతలి కొస మీద
ఇంకో చెయ్యి రాయి వెడుతున్నది.
మెరుపుల చెయ్యి ఒక్కటే కనవడ్డది,
మనిషి కనవడలే.

"నడిమిట్ల గుడ ఒకటి పెట్టు."
పదకొండు నెలలకు మొదటి మాట.
"ఏ రాయి?"
"ఏదన్న."

తెల్లారె వరకు గోడ నిలవడే ఉన్నది.

హోటలుకు ఇద్దరం పోయినం.
"ఇది మీ సర్కారు వాననే" అన్నడు ఆయన.
నేను మాటవడలే.
గంట సేపు లొల్లి, హోటలాయన గిలాసలు ఎత్తిపెట్టె దాంక.
రేకు సంగతి ఆయన దియ్యలే,
నేను దియ్యలే.

పొత్రం గోడ మీదనే ఉన్నది.
అండాలు చింతకాయ తొక్కు నూరెతందుకు
గిన్నె వట్టుకొని
వాళ్ల రోలు కాడికి పోయొస్తున్నది.
నాకు చెప్పి పోదు.
నేనడుగ.