దెయ్యాలమండీ

పటమటలో కరెంటు పోయి గంటయింది,
తుపాను ఇంకా తీరం దాటలేదట.
పాత దుప్పటికి కంటిచిల్లులు పెట్టుకున్న దెయ్యం
నా చిటికెనవేలు వదలదు.
చిన్నదాని మొహాన గీసిన ఎముకలు
గొడుగు తిరగబడగానే
గడ్డం దాకా కారిపోయాయి.

ఏ బ్లాకు నుంచి బి బ్లాకుకి మడమల్లోతు నీళ్ళు.
ఒక చెప్పు ఎటో పోయింది.
లిఫ్టు లేదు. నాలుగంతస్తులు,
చంకలో ఒకతి.

హైమావతిగారు కొవ్వొత్తి ఎత్తి చూశారు.
"ఎవరర్రా, ఈ వానలో?"
"దెయ్యాలమండీ" అంది పెద్దది, మర్యాదగా.

చాక్లెట్లు లేవు.
తలలు తుడిచి
చెరో అరటికాయ బజ్జీ పెట్టారు, నాకూ ఒకటి.

మెట్లు దిగుతుంటే దుప్పట్లోంచి గొంతు:
"నాన్నా, ఆవిడ అసలు భయపడలేదేం?"

ఏం చెప్పను,
నోట్లో బజ్జీ కాలుతోంది.