ముహర్రక్ మ్యూజియంలో, పొద్దున్నే

అద్దం వెనక హారం.
చీటీలో మెళ్ళో వేసుకున్న రాణి పేరుంది,
వేలంలో పాడుకున్నవాడి పేరుంది.

ముత్యాల వరస చూపించి సెక్యూరిటీ మర్జూఖ్ అంటాడు:
"మా తాత చెవుల్లో నెత్తురు."
నడిమి రాయి మాది, అంటాను. కొల్లూరు.
ఎవరు తవ్వారో మాకూ తెలీదు.

వారసులిద్దరూ కోర్టుకెక్కారట.
"మీవాళ్ళూ అడగొచ్చుగా" అని నవ్వుతాడు.

అడిగాం, ఇచ్చారే అనుకో మర్జూఖ్,
ఎక్కడ పెట్టను?
మా ఊరు పులిచింతల నీళ్ళకింద ఉంది.
పరిహారం మూడో విడత ఇంకా పడలేదు.
మునిగేప్పుడు మీ తాత ముక్కుకి పెట్టుకున్న కొమ్ము క్లిప్పు
ఇంట్లో ఉంటే
ఓసారి తెచ్చిపెట్టు.

తొమ్మిదింటికి తలుపులు తీస్తారు.
నిన్న లాయర్లు అద్దానికి ఆనించిన వేళ్ళ గుర్తులు
ఒక పట్టాన పోవు.
తుడుస్తున్నాను.